కోడి రామమూర్తి నాయుడు

ఆంధ్రులు కలియుగ భీముడని కొనియాడిన మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడు. ఆయన 1882వ సంవత్సరమున, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున జన్మించెను. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లిని కోల్పోయిన ఆ బాలుడు చదువుపై మనసు నిలుపక అల్లరిగా తిరుగుచుండెను. తండ్రి అతనిని విజయనగరమునందలి పినతండ్రి యింటికి పంపెను. అచ్చట పుస్తకములకంటె తాలింఖానాయే అతనిని ఆకర్షించెను. దండీలు, బస్కీలు, కుస్తీ నిత్యకృత్యములాయెను. పిమ్మట చెన్నపట్టణపు చేరువనున్న సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడయ్యెను.

ఆ కాలమున సర్కసు మన దేశమునకు క్రొత్త. 1880లో విష్ణుపంత్ ఛత్రే అను మహారాష్ట్రుడు తొలి భారతీయ సర్కసును స్థాపించియుండెను. నాయుడుగారు తన మిత్రుడైన పొట్టి పంతులు తోడ్పాటుతో విజయనగరమున ఒక సర్కసు సంస్థను నెలకొల్పిరి. సర్కసు నడుపుట సామాన్యమైన పని కాదు. గుడారము, జంతువుల మేత, ఆటగాండ్ర జీతములు, రైలు ప్రయాణములు, వీని కన్నిటికిని టిక్కెట్ల రాబడియే ఆధారము. ప్రేక్షకులు వచ్చునది యజమాని బలప్రదర్శనము చూచుటకే. అనగా ఆయన దేహమే సంస్థకు మూలధనము.

ఱొమ్మునకు ఉక్కు గొలుసు చుట్టించుకొని, ఊపిరి పూరించి దానిని త్రెంచెడివారు. ఱొమ్ముపై బల్ల పరపించుకొని దానిపై ఏనుగును నిలిపించెడివారు. బల్ల బరువును దేహమంతటికిని పంచును. అయినను ఆ భారమును మోయుటకు ఎన్ని యేండ్ల సాధన కావలెనో ఊహింపవచ్చును. 1905 మొదలు 1910 వరకు రాజప్రతినిధిగా నున్న మింటో ప్రభువు కారును గొలుసుతో పట్టి కదలకుండ నిలిపెనని చెప్పుదురు. ఇంతటి బలశాలి శాకాహారి. ప్రాణాయామమే తన శక్తికి మూలమని ఆయన విశ్వాసము.

పూనాలో బాలగంగాధర తిలక్ ఆయనను సన్మానించి, విదేశములకు వెళ్లుమని ప్రోత్సహించెను. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శన మిచ్చి ఆయన మెప్పు పొందిరి. భారతీయులు దుర్బలులని తలచువారికి అది తగిన సమాధానమయ్యెను.

కాని దేహము శాశ్వతము కాదు. కాలికి కలిగిన వ్రణము ముదిరి, వైద్యులు ఆ కాలిని తీసివేయవలసివచ్చెను. యజమాని లేచి నిలువలేకపోవుటతో సంస్థ బలము తరిగెను. ఆర్జించిన ధనమును కూడబెట్టక దానధర్మములకు వెచ్చించిన నాయుడుగారికి తుదినాళ్లలో మిగిలినది స్వల్పము. 1942లో ఒడిశాలోని బలాంగీరునందు ఆయన కన్నుమూసిరి.

నేడు శ్రీకాకుళమునందలి క్రీడాప్రాంగణము ఆయన పేర వెలయుచున్నది. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. అల్లరి బాలుడు సాధనచే మల్లుడై, ఆ బలముతో అనేకులకు జీవనోపాధి కల్పించెను. బలము కొన్నాళ్లకు తరుగును; దానితో ఇతరులకు చేసిన మేలు నిలుచును. ఆయన జీవితమునుండి విద్యార్థులు గ్రహింపవలసినది ఇదియే.