పాట కట్టిన మేస్త్రీ

2025 నవంబర్ 10 పొద్దున అందెశ్రీ పోయారు. లాలాగూడలోని ఇంట్లో కుప్పకూలితే గాంధీ ఆస్పత్రికి తీసుకెళ్లారు, కానీ ప్రాణం నిలవలేదు. వయసు అరవై నాలుగే. మర్నాడు ఘట్‌కేసర్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పాడె మోశారు. తెలంగాణ రాష్ట్ర గీతం రాసిన కవికి అది తగిన గౌరవమే. కానీ ఉప్పల్, నాచారం వైపు రెక్కల కష్టం మీద బతికేవాళ్లకు ఆయన అంతకంటే దగ్గరివాడు. తాపీ పట్టిన చేతుల మనిషి, వాళ్లలో ఒకడు.

జనగామ, వరంగల్ వైపు నుంచి హైదరాబాద్ పట్నం వచ్చేవాళ్లకు మొదట తగిలేది ఉప్పలే. రింగురోడ్డు దగ్గర బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని, ఊరోళ్ల గది ఎక్కడుందో అడుక్కుంటూ రామంతాపూర్‌కో, చిలుకానగర్‌కో, నాచారం పారిశ్రామికవాడ పక్క బస్తీలకో నడిచినవాళ్లు ఎంతమందో. కొందరు కంపెనీల్లో చేరి ఈఎస్ఐ కార్డు సంపాదించుకున్నారు. అదీ దొరకనివాళ్లు తెల్లారకముందే అడ్డా మీద నిలబడ్డారు, ఇప్పటికీ నిలబడుతున్నారు. టిఫిన్ డబ్బా, పాత చొక్కా, తాపీ ఉన్న సంచీ. బండి ఆగగానే చుట్టూ మూగడం, కూలి మాట్లాడుకోవడం, పని దొరకకపోతే పది గంటలకు తల దించుకుని వెనక్కి పోవడం.

అందెశ్రీది కూడా ఆ వైపు ఊరే, మద్దూరు మండలం రేబర్తి. 1961లో పుట్టారు. అసలు పేరు అందె ఎల్లయ్య. అమ్మానాన్నల నీడ లేక, బడి మొహం చూడక పెరిగారు. పశువులు కాశారు, తాపీ పని చేశారు. ఆయన గొంతు విని శృంగేరి మఠానికి చెందిన శంకర్ మహారాజ్ చేరదీశారు. బడికి పోని ఆ మనిషికే తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. పత్రికలు దీన్ని వింతగా రాశాయి. నాకు వింతగా తోచదు. ఆయన చదువు ఇంకోచోట జరిగింది.

రెడీమిక్స్ లారీలు రాకముందు స్లాబ్ పడే రోజు చూసినవాళ్లకు ఆ చదువు సంగతి తెలుసు. కింద మాలు కలిపే చోటి నుంచి పైన సెంట్రింగ్ దాకా మనుషుల వరుస. తట్ట ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతూనే ఉండాలి. ఒక్కరు తడబడితే వరుసంతా ఆగుతుంది, ఎక్కువసేపు ఆగితే మాలు బిగుసుకుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు పాట అందుకుంటారు. తట్ట ఎత్తేటప్పుడు ఒక మాట, అందించేటప్పుడు ఇంకో మాట, మిగతావాళ్లు వంత. చరణం ఎంత పొడుగుండాలో అక్కడ ఛందస్సు చెప్పదు, ఊపిరి చెబుతుంది. గుక్క తిప్పుకోనివ్వని పాటను పనివాళ్లు రెండోసారి ఎత్తుకోరు.

అందెశ్రీ పాట ఈ పరీక్షకు నిలిచింది. కాగితం మీద కంటే ముందు నోట్లో తయారైన పాట అది. సభలో నిలబడి అప్పటికప్పుడు ఆశువుగా కట్టగలిగేవారు. మనిషి మాయమైపోతున్నాడని ఆయన పడ్డ వేదన ఆర్. నారాయణమూర్తి ‘ఎర్ర సముద్రం’ సినిమాలోకి వెళ్లి ఊరూరా మోగింది. కోపంతో రాయదగిన విషయాన్ని ఆయన అమ్మతో చెప్పుకునే దుఃఖంలా రాశారు. అందుకే పార్టీ జెండా ఏదైనా అందరూ పాడుకున్నారు. ‘గంగ’ సినిమా పాటకు 2006లో నంది అవార్డు వచ్చింది. నాచారంలో ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో ఉంది కాబట్టి సినిమా అనేది ఈ వైపు జనానికి గోడ అవతలి సంగతే. అయినా సినిమా కోసం ఆయన తన యాసను, నడకను మార్చుకోలేదు. పాటే అటు వెళ్లింది, ఆయన వెళ్లలేదు.

‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమ కాలంలో పుట్టింది. అప్పుడే బడుల్లో పిల్లలు పాడారు, ధూంధాంలలో పెద్దలు లేచి నిలబడి పాడారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, ఆ పాటకు అధికారిక గుర్తింపు మాత్రం రాలేదు. పదేళ్లు. జనం ఒప్పుకున్న పాటను అలా పక్కన పెట్టడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. 2024 ఫిబ్రవరిలో మంత్రివర్గం ఆమోదించింది, కీరవాణి స్వరపరచగా జూన్ 2న రాష్ట్ర గీతంగా వెలువడింది. ఆ తర్వాత ఆయన బతికింది ఏడాదిన్నర కూడా లేదు.

మధ్యలో నదుల మీద పాటలు కట్టడానికి దేశదేశాలు తిరిగారు. పశువులను నీళ్లకు తోలుకుపోయిన పిల్లవాడు పెద్దయ్యాక నైలు ఒడ్డున నిలబడి పాట వెతుక్కున్నాడంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

లాలాగూడలోని ఆయన ఇంటి నుంచి, అంత్యక్రియలు జరిగిన ఘట్‌కేసర్‌కు పెద్ద దారి తార్నాక, ఉప్పల్, నారపల్లి మీదుగానే. ఏళ్లకేళ్లు పూర్తికాని ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల పక్కనుంచి, దుమ్ములోంచి వెళ్లాలి. ఆ స్తంభాలకు ఇనుము కట్టినవాళ్లు, కాంక్రీటు పోసినవాళ్లు ఏ పాట పాడుకున్నారో ఎవరూ రాసిపెట్టరు. అలా రాసిపెట్టే పని స్కాట్లాండులో జరిగింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం 1951లో స్కాటిష్ అధ్యయనాల కేంద్రం పెట్టింది. హామిష్ హెండర్సన్ అనే కవి టేప్ రికార్డరు మోసుకుని కూలీల దగ్గరికి, సంచార కుటుంబాల దగ్గరికి పోయి పాటలు పట్టుకొచ్చాడు. జీనీ రాబర్ట్‌సన్ అనే మహాగాయని గొంతు ప్రపంచానికి తెలిసింది అబర్డీన్‌లో ఆమె తలుపు ఆయన తట్టడం వల్లే.

అందెశ్రీ తన వంతుగా తెలంగాణ పాటలను ‘నిప్పుల వాగు’ పేరుతో పుస్తకంగా కూర్చి వెళ్లారు. ఆయన ఆశువుగా చెప్పినవన్నీ మాత్రం పుస్తకాల్లోకి ఎక్కలేదు. పెళ్లిలోనో, సంస్మరణ సభలోనో, ధర్నా టెంటు కిందనో పాడినప్పుడు ఫోన్లు ఎత్తి తీసుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఉప్పల్‌లో ఉన్నారు, మల్లాపూర్‌లో ఉన్నారు, జనగామలో ఉన్నారు. ఆ ఫోన్లు పాడైపోకముందే, మెమరీ నిండిందని ఆ వీడియోలు తీసేయకముందే, విశ్వవిద్యాలయమో సాహిత్య అకాడమీయో ఒక మనిషిని పెట్టి వాటిని సేకరించాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ముందు పాడారో పక్కన రాయించాలి. ఈ ఏడాదే మొదలుపెట్టాలి.