మూడోసారికి మెట్రిక్ పాసైన యల్లాప్రగడ సుబ్బారావు



మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో పొద్దున్నే వేళ్లు ముడవలేక, కాఫీ గ్లాసు పట్టుకోలేక బాధపడుతున్నారా? తెనాలిలోనో బాపట్లలోనో డాక్టరు చూసి, రుమటాయిడ్ కీళ్లవాతం అని మెథోట్రెక్సేట్ రాశారా? అయితే ఆ మాత్ర వెనక ఒక తెలుగువాడి జీవితం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీలో అరటిపళ్లు అమ్ముకుని బతుకుదామని ఇంట్లోంచి బయల్దేరితే, తల్లి వెనక్కి తెచ్చి బడిలో కూర్చోబెట్టిందట. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. నెలనెలా ర్యాంకుల ఫొటోలు వేసే మేమే ఇది రాయడం కాస్త ఇబ్బందే అనుకోండి.

అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ దుఃఖంతోనే 1922లో బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చిల్లర పనులు చేస్తూ చదివారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే పదార్థాల మీద పనిచేసినా, అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకీ పనికొచ్చింది.

ఆ ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డుకునే మందులు కూడా అదే ప్రయోగశాలలో పుట్టాయి. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. ఇది కణంలోకి వెళ్లాక దాని తోకకు గ్లుటామిక్ ఆమ్లాలు పూసల్లా తగులుకుంటాయి. వాటిని కలిపే ముడి పేరు పెప్టైడ్ బంధం. పూసలు పెరిగినకొద్దీ మందు కణంలోనే నిలిచిపోతుంది. వారానికి ఒక్కసారి సరిపోయేది అందుకే. మనం గుజ్జు అనే మృదులాస్థిలోని కొల్లాజెన్ పోగులూ అమైనో ఆమ్లాలు అలాంటి ముడులతో అల్లుకున్నవే. రుమటాయిడ్ వాపు ఆ పోగుల్ని కొరికేస్తుంది. మందు వాపును అణచి ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. పోయిన గుజ్జును మాత్రం తిరిగి పెంచదు. వయసుతో అరిగిన మోకాలికి ఇది మందు కాదు. గుజ్జు పెంచుతాయని అమ్మే కొల్లాజెన్ పెప్టైడ్ పొడుల సంగతి వేరు: అవి కడుపులో ముక్కలై అరుగుతాయి, గుజ్జును తిరిగి పెంచుతాయనడానికి గట్టి రుజువు లేదు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు. ఈ కోవ మందును కీళ్లవాతానికి వాడి చూసిన ఫలితాలు 1951లో వచ్చాయి. మెథోట్రెక్సేట్‌ను ఆ జబ్బుకు అమెరికాలో అనుమతించింది 1988లో.

ఒక జాగ్రత్త. వారం మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రేపల్లె నుంచి అమ్మమ్మ మీ ఇంటికొచ్చినప్పుడు ఆమె మందుల డబ్బా మీద ఏ వారం వేసుకోవాలో పెద్ద అక్షరాలతో పిల్లల చేత రాయించండి. వేరే రోజున వేసుకొమ్మని డాక్టరు రాసే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా అదే డబ్బాలో ఉంటుంది.