విలియం కేరీగారు – కలిసి పనిచేసిన సేవకులు



సంఘపు పని కుంటుపడుటకు డబ్బు లేకపోవుటకంటె మనస్సులు కలియకపోవుటయే తరచుగా కారణమగుచున్నది. ఈ సంగతిని మనస్సునందుంచుకొని ఈ నెల కేరీగారి జీవితమును ధ్యానించుకొందము.

కేరీగారు 1761లో ఇంగ్లాండులో ఒక నేతగాని యింట జన్మించిరి. చెప్పులు కుట్టుచునే అనేక భాషలు నేర్చుకొనిరి. 1793లో బంగాళమునకు వచ్చిరి గాని మొదటి యేండ్లు కన్నీళ్లతోనే గడిచెను. 1794లో ఒక కుమారుడు మరణించెను; భార్యకు మతి చలించెను.

1800 జనవరిలో వారు డేనిష్‌వారి యేలుబడిలోనున్న సేరంపూరు చేరిరి. అక్కడ బడిపంతులైన మార్ష్‌మన్‌గారు, ముద్రాపకుడైన వార్డుగారు వారితో కలిసిరి. కేరీగారు అందరికంటె ముందు వచ్చినవారు, పేరు గలవారు. పెత్తనము కోరినయెడల దొరికియుండును. అయితే వారు దానిని కోరలేదు. కుటుంబములన్నియు ఒకే భోజనపు బల్లయొద్ద కూర్చుండెను. ఇంటి పెత్తనము నెలకొకరు వంతున చేసిరి. ఎవరి సంపాదన వారిది కాదు, అంతయు ఉమ్మడి నిధికే చేరెను. 1801లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో కేరీగారికి ఉపాధ్యాయపదవి దొరికినప్పుడు ఆ జీతమును ఆ నిధిలోనే వేసిరి. ప్రతి శనివారము సాయంకాలము కూడుకొని, ఆ వారములో కలిగిన మనస్పర్థలను దాచుకొనక చెప్పుకొని, సమాధానపడి, ఆదివారపు ఆరాధనకు సిద్ధపడిరి.

ఈ క్రమము యొక్క బలము 1812 మార్చి 11న తెలియవచ్చెను. ఆ సాయంకాలము ముద్రాక్షరశాల తగులబడెను. అక్షరములు, కాగితము, వ్రాతప్రతులు దగ్ధమాయెను. కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణము కూడ ఆ మంటలలో పోయెను. అప్పుడు వారు కలకత్తాలో ఉండిరి. మార్ష్‌మన్‌గారు వెళ్లి ఆ వార్త తెలిపిరి. వార్డుగారు బూడిదలో వెదకగా అచ్చు యంత్రములును, అక్షరములు పోతపోయు మూసలును చెడక దొరికెను. కరిగిన లోహముతోనే తిరిగి అక్షరములు పోయించిరి. దేశీయ పనివారు రేయింబగళ్లు శ్రమించిరి. కొన్ని నెలలలోనే అచ్చుపని మరల సాగెను. తెలుగు వ్యాకరణము 1814లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అక్కడనుండి వెలువడెను.

అయితే ఒక హెచ్చరికయు కలదు. తరువాత వచ్చిన యౌవన మిషనరీలతో ఈ ముగ్గురికి ఆ ఐక్యత కుదరలేదు. వారు విడిపోయి కలకత్తాలో వేరుగా పనిచేసిరి. 1827లో ఇంగ్లాండులోని సొసైటీతోను సంబంధము తెగెను. ముగ్గురు సంపాదించుకొన్న ప్రేమ క్రొత్తవారికి తనంతట తాను సంక్రమించలేదు. దానిని ప్రతి తరమువారును మరల సంపాదించుకొనవలెను. ఆ ముగ్గురు మాత్రము విడువక నిలిచిరి. వార్డుగారు 1823లోను, కేరీగారు 1834లోను సేరంపూరులోనే నిద్రించిరి.

ప్రియులారా, 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో శరీరమును గూర్చియు అవయవములను గూర్చియు మనము చదువుచున్నాము. పాదిరిగారు, పెద్దలు, కోశాధికారి, స్త్రీల సమాజమువారు ఒకే పనికి పిలువబడినవారము కామా? పెద్ద తగ్గించుకొన్నచోట చిన్నవాడు ధైర్యముగా మాటలాడును. లెక్క అందరి యెదుట ఉన్నచోట అనుమానము పుట్టదు. కోపము వారము దాటక తీరినచోట పని ఆగదు. మన కమిటీ కూడుటకు ముందు మనకును ఒక శనివారపు సాయంకాలము ఉన్నదా యని యోచించుకొందము.

ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక.