యల్లాప్రగడ సుబ్బారావు

ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని మందుల దుకాణమునకు వెళ్లినచో మెథోట్రెక్సేట్ అను చిన్న మాత్ర దొరకును. కొన్ని రకముల క్యాన్సరునకును, వాపుతో కూడిన కీళ్లజబ్బునకును వైద్యులు దీనిని వ్రాసి యిత్తురు. ఈ మందు పుట్టుకకు మూలమైన పరిశోధనలను నడిపినవాడు ఒక తెలుగువాడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని పదమూడవ యేట ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణుడయ్యెను.

తరువాత మామగారి సహాయముతో మద్రాసు వైద్యకళాశాలలో చదివెను. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పెద్ద పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తి పడవలసి వచ్చెను. ఆ యౌవనకాలముననే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధితో కొద్దిదినముల తేడాలో మరణించిరి. వైద్యము చదివియు వారిని కాపాడు మందు లోకమున లేదను బాధ ఆయన హృదయమున నాటుకొనెను.

1920వ దశకము మొదట ఆయన భార్య శేషగిరమ్మను స్వదేశమున విడిచి అమెరికాలోని బోస్టను నగరము చేరెను. పొట్టకూటికై రాత్రులందు ఆసుపత్రిలో సేవకుని పని చేయుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. అచట ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అను పదార్థములను గూర్చియు వారు పరిశోధించిరి. ఆయన ఎన్నడును చూడని కుమారుడు శైశవముననే గతించెను. ఆయన మరల స్వదేశము చూడలేదు.

1940లో సుబ్బారావు లెడర్లె అను ఔషధసంస్థలో చేరెను. అచట ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆహారములోని మాంసకృత్తులు అమైనో ఆమ్లములుగా విడిపోవును. వానిలో కొన్నిటిని ఒకదానినుండి మరియొకదానిగా మార్చుటకును, కణములు చీలి పెరుగుటకును ఫోలిక్ ఆమ్లము అవసరము. స్ప్రూ రోగులకు అది మంచి మందైనది. కాని ఆయన సోదరులకు అది అందు కాలము మించిపోయినది.

ఇంతలో బోస్టనులోని ఫార్బరు అను వైద్యుడు రక్త క్యాన్సరుగల పిల్లలకు ఫోలిక్ ఆమ్లజాతి మందుల నిచ్చి చూడగా వ్యాధి మరింత హెచ్చినట్లు తోచెను. క్యాన్సరు కణములు అతివేగముగా చీలును గనుక వానికి ఈ ఆమ్లము మిక్కిలి కావలెను. అట్లయిన, దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థమును ఇచ్చినచో ఏమగును? సుబ్బారావు బృందము అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని 16 మంది పిల్లలకు ఈయగా 10 మందికి గుణము కనబడెను. ఆ ఫలితము 1948 జూను నెలలో వెల్లడియయ్యెను. గుణము తాత్కాలికమే యైనను, రక్త క్యాన్సరును మందుతో అణపవచ్చునని రుజువైనది. రెండు నెలలు గడచునంతలో, 1948 ఆగస్టులో, తన 53వ యేట సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను.

ఆ పదార్థములలో మరియొకటియే మెథోట్రెక్సేట్. 1956లో ఒక జాతి క్యాన్సరు దానివలన నయమైనట్లు తేలెను. అది బలమైన మందు. రోగికి నోటిపూత, వికారము మున్నగు బాధలను గూడ కలిగింపవచ్చును. అందుచే కీళ్లజబ్బునకు దానిని స్వల్పమోతాదున ఇచ్చునపుడు, ఆ బాధలు తగ్గుటకై వైద్యులు ఫోలిక్ ఆమ్లమును గూడ తోడుగా ఇత్తురు. వ్యాధిని అణచు మాత్రయు, రోగికి ఊరట నిచ్చు మాత్రయు ఒకే బృందము కృషిఫలములు.

బాలలారా! పరీక్షలో రెండుమార్లు తప్పిన బాలుడు ఇంతటి పని చేసెను. తన యింటివారిని కాపాడలేకపోయినను, ఎరుగని యెందరి యింటివారినో ఆయన కాపాడెను.