పల్లె ఇంటి లెక్క తెలిసిన తొరపల్లి రాజాజీ

హోసూరు పక్కనున్న తొరపల్లిలో చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టిన ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ స్మారకం. ఆయన పేరెత్తితే మనవాళ్ళకు రెండే గుర్తొస్తాయి. ఒకటి, మన తాలూకా బిడ్డ దేశానికి గవర్నర్ జనరల్ అయ్యాడన్న గర్వం. రెండోది, పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన నాడు మద్రాసు ముఖ్యమంత్రి ఆయనే కదా అన్న మంట. ఈ రెండింటి మధ్య, ఇక్కడి పల్లె కుటుంబాలకు నేరుగా అందిన పని ఒకటుంది. దాని గురించి మన ఇళ్ళలో మాట తక్కువ.

1878 డిసెంబరు 10న పుట్టారు. తండ్రి వెంకటార్యన్ ఊరి మునసబు. శిస్తు ఎవరు కట్టారు, ఎవరు కట్టలేక అప్పు చేశారు అన్నది మునసబు ఇంట్లో దాగే సంగతి కాదు. చదువు హోసూరు బడిలోను, బెంగళూరు సెంట్రల్ కాలేజీలోను, ఆ తర్వాత మద్రాసులో లా. 1900లో సేలంలో వకీలుగా కుదురుకున్నారు. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి రెండూ సేలం జిల్లాలోవే. కోర్టు పనైనా కలెక్టరు పనైనా మనవాళ్ళు సేలం పోవలసిందే. ప్రాక్టీసు బాగా సాగింది. 1917 నుంచి రెండేళ్ళు సేలం మునిసిపాలిటీ ఛైర్మన్‌గా ఉన్నారు. భార్య అలమేలు మంగమ్మ ఐదుగురు పిల్లలను వదిలి చిన్న వయసులోనే పోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. గాంధీగారి పిలుపుతో వకీలు వృత్తి మానేసి, 1921 చివరలో వేలూరు జైలుకు వెళ్ళారు. ఇదంతా బడి పుస్తకాల్లో ఉన్నదే.

అసలు కథ 1925 ఫిబ్రవరిలో తిరుచెంగోడు దగ్గర పుదుప్పాళయంలో మొదలైంది. రత్నసభాపతి గౌండర్ అనే జమీందారు ఇచ్చిన స్థలంలో రాజాజీ గాంధీ ఆశ్రమం పెట్టారు. సేలంలో బంగళా ఉన్న మనిషి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి అక్కడి చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. వానలు సరిగా లేని సీమ అది. పొలం పని లేని నెలల్లో ఆడవాళ్ళ చేతికి పైసా వచ్చే దారి ఉండేది కాదు. ఆశ్రమం దూది తూచి ఇచ్చేది. ఇంట్లో రాట్నం మీద వడికి నూలు తెస్తే, దాన్ని తూచి కూలి ఇచ్చేది. ఆ నూలు చుట్టుపక్కల నేతగాళ్ళకు పోయేది. దానం కాదు, పనికి డబ్బు. పక్కనే ఒక చిన్న వైద్యశాల కూడా నడిచింది. దళితులు ఆశ్రమంలో అందరితో కలిసి ఉండడం చుట్టుపక్కల పెద్దకులాల వారికి గిట్టలేదు. ఆశ్రమానికి కావలసినవి దొరక్కుండా చూశారు కూడా. ఆయన వెనక్కి తగ్గలేదు, స్థలమిచ్చిన జమీందారూ తగ్గలేదు.

నేను గుమాస్తా పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, నాకు ఆయనలో కనిపించేది ముందుగా జమాఖర్చుల మనిషి. ఇంటికి నూలు కూలి వస్తోంది, మరి పొయ్యి మీద కుండ ఎందుకు నిండడం లేదు అని చూస్తే డబ్బు పోయే తోవలు రెండు కనబడ్డాయి. ఒకటి కల్లంగడి, రెండోది వడ్డీ. ఆశ్రమం నుంచే 1929లో మద్యపానానికి వ్యతిరేకంగా విమోచనం అనే తమిళ పత్రిక తెచ్చారు. తర్వాతి కాలంలో గొప్ప రచయితగా పేరుపొందిన కల్కి కృష్ణమూర్తి అందులో ఆయనకు సాయంగా పనిచేశారు.

1937 జూలైలో రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు. ఆ మంత్రివర్గంలో టంగుటూరి ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు. మూడు నెలలు తిరగకుండానే అక్టోబరు 1న మద్యనిషేధం ఒకే ఒక జిల్లాలో మొదలైంది. అది సేలం. అంటే హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట పల్లెల కల్లంగళ్ళు ఆ రోజున మూతపడ్డాయి. మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు, 1939లో ఉత్తర ఆర్కాటుకు విస్తరించారు. కాబట్టి ఇటు కృష్ణగిరి, అటు కుప్పం, రెండు వైపులా తెలుగు ఇళ్ళు దాని నీడలోకి వచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడ్డారని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. మన పక్క ఆ పని అంతకు 55 ఏళ్ళ ముందే ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగింది.

ఖజానాకు అది పెద్ద దెబ్బ. కల్లు, సారాయి వేలాలే అప్పటి ప్రభుత్వానికి ముఖ్యమైన రాబడి. ఆ లోటు పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. దేశంలో సరుకులన్నిటి మీదా అలాంటి పన్ను వేయడం అదే మొదలు. అంగడి బిల్లులో పన్ను చూసి విసుక్కునే మనవాళ్ళకు దాని పుట్టుక ఇదని తెలియకపోవచ్చు. అయితే గీత పని మీద బతికే కుటుంబాలకు మాత్రం నిషేధం బతుకుతెరువు మీద పడింది. తీపి కల్లు తీసి బెల్లం వండుకోమన్నారు. కల్లు గీసి బతికిన ఇంటికి బెల్లం అంత ఆదరువు కాగలదా?

రెండో తోవకు 1938లో వచ్చిన రైతు రుణ విమోచన చట్టం అడ్డుకట్ట. దాని లెక్క కొంచెం విడమర్చి చెప్పాలి. ఆ దశకంలో ధరలు పడిపోయాయి. వంద రూపాయల అప్పు తీర్చడానికి రైతు మునుపటికంటే చాలా ఎక్కువ ధాన్యం అమ్మాలి. అందుకని, 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ మొత్తం రద్దు. అసలు, వడ్డీ కలిపి అప్పటికే రెండింతలు కట్టి ఉంటే అప్పే తీరిపోయినట్టు. వంద తీసుకున్న రైతు వడ్డీ కిందే నూట యాభై కట్టి ఉంటే, ఇంకో యాభై ఇస్తే సరి, నోటు చించెయ్యాలి. ఆ తర్వాత చేసిన అప్పులకు వడ్డీ నూటికి ఐదు లెక్కన కట్టాలి. తాత చేసిన అప్పుకు మనవడు వడ్డీ కడుతున్న ఇళ్ళకు ఇది ఎంత ఊరటో ఊహించుకోవచ్చు. షావుకార్లు మాత్రం చేయి ముడుచుకున్నారు. విత్తనాలకు కావలసిన కొత్త అప్పు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు.

అదే మనిషి అదే 1938లో హిందీని బడుల్లో తప్పనిసరి చేశారు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినబడే హోసూరులో పెరిగిన వ్యక్తి భాష సంగతిలో ఇంత మొండికేయడం నాకు ఇప్పటికీ అంతుపట్టదు. 1952లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మద్రాసు నగరాన్ని ఆంధ్రకు ఇవ్వడానికి ససేమిరా అన్నారు. శ్రీరాములు గారు 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత డిసెంబరు 15న కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మన తాలూకాలు సేలం జిల్లాతోపాటు మద్రాసులోనే ఉండిపోయాయి. ఆ బాధ్యత ఆయన ఒక్కడిదే అనడం న్యాయం కాదు. ఆ దీక్షనాళ్ళలో ఆయన తీరు మన మనసుల్లో ముల్లులా ఉండిపోయిందన్నది మాత్రం నిజం.

ఆ ఏడే పల్లె బడుల వేళలు తగ్గించి, మిగిలిన పూట పిల్లలు తండ్రి దగ్గర ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం పెట్టారు. రెండు పూటలుగా నడిపితే అదే బడిలో ఎక్కువమంది చదువుతారన్నది లెక్క. కూలివాడి కొడుకు కూలి నేర్చుకోవాలా అని జనం మండిపడ్డారు. కులవృత్తి విద్య అన్న పేరు పడిపోయింది. 1954లో ఆయన దిగిపోయారు, కామరాజ్ వచ్చి పథకం ఎత్తేశారు. పుదుప్పాళయంలో ముందు ఆ ఊళ్ళో కాపురం పెట్టి, తర్వాత పని మొదలుపెట్టారు. మద్రాసు కోటలో కూర్చున్నాక పల్లె తల్లిదండ్రులను ఒక మాట అడగలేదు. రెండింటికీ తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం.

మద్యనిషేధాన్ని మాత్రం చివరిదాకా వదల్లేదు. యుద్ధకాలంలో గవర్నరు పాలనలో దాన్ని ఎత్తేశారు. 1948కల్లా రాష్ట్రమంతటా తిరిగి అమలైంది. 1971లో తమిళనాడు ప్రభుత్వం మళ్ళీ సడలించబోతుంటే, 92 ఏళ్ళ వయసులో రాజాజీ స్వయంగా ముఖ్యమంత్రి కరుణానిధి ఇంటికి వెళ్ళి వద్దని వేడుకున్నారు. ఆ మాట చెల్లలేదు. ఆగస్టు నెలాఖరుకు నిషేధం పోయింది. మరుసటి ఏడు డిసెంబరు 25న ఆయన మద్రాసులో కన్నుమూశారు. పుదుప్పాళయం ఆశ్రమం ఇంకా నడుస్తోంది, అక్కడ ఖాదీ ఇప్పటికీ అమ్ముతారు.