కోడి విప్పిన గుట్టు: పేటన్ రౌస్ జీవితం

కోడికి కంతి లేస్తే మన ఊళ్ళల్లో ఏం చేస్తం? గుంత తీసి పూడుస్తం. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నాకు అంతకంటె తెలియదు. కాని 1909లో అటువంటి కోడి ఒకటి న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. దాన్ని పరీక్షించిన డాక్టరే పేటన్ రౌస్.

ఆయన 1879లో బాల్టిమోర్‌లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి కష్టపడి చదివించింది. వైద్యం చదువుతుండగా, శవపరీక్షలో క్షయ ఎముక వేలికి గీసుకొని ఆయనకే క్షయ సోకింది. ఏడాదిపాటు టెక్సాస్‌లో పశువుల వెంట తిరిగి కోలుకున్నాడు. 1905లో పట్టా పుచ్చుకున్నాడు.

రౌస్ ఆ కంతిని నూరి, కణాలు దూరలేనంత సన్నని వడపోతలో వడకట్టాడు. ఆ రసం ఎక్కించిన కోళ్ళకూ కంతులు లేచాయి. అంటే క్యాన్సర్‌కు వైరస్ కారణం కావచ్చునన్నమాట! 1911లో ఈ సంగతి ప్రకటిస్తే పెద్దలు నమ్మలేదు. కోడి జబ్బుతో మనిషికేం పని అన్నారు. రౌస్ ఆ పని పక్కనబెట్టి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రక్తాన్ని నిలవచేసే ద్రావణం తయారుచేశాడు. 1934 తర్వాత, ఈసారి కుందేళ్ళ కంతులతో, మళ్ళీ క్యాన్సర్ పరిశోధనకే వచ్చాడు. నోబెల్ బహుమతి 1966లో వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 87!

1970లో ఆయన కన్నుమూశాడు. ఆ ఏడాదే హోవర్డ్ టెమిన్, ఆ కోడి వైరస్ తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా తిరగరాసుకునే ఎంజైమును చూపించాడు. అలా రాసుకున్న డి.ఎన్.ఏ. కణంలోని డి.ఎన్.ఏ.లో కలిసిపోతుంది. లక్షల ఏళ్ళ కిందట ఇటువంటి వైరస్‌లు మన పూర్వీకుల బీజకణాల్లో చొరబడి, తరతరాలుగా మనదాకా వచ్చాయి. మనిషి డి.ఎన్.ఏ.లో నూటికి 8 పాళ్ళు వాటి అవశేషాలే. మా గోదావరిఖని బొగ్గుబాయిల్లో కోట్ల ఏళ్ళనాటి అడవి పండుకున్నట్టే, అవీ చాలావరకు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటాయి.

మరి వాటికి నిప్పు తగిలితే? మనలో చాలామంది రక్తకణాల్లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ జీవితాంతం దాగి ఉంటది. అది అటువంటి పాత వైరస్ జీను నొకదాన్ని మేల్కొలుపుతుందని 2001లో తేలింది. మేల్కొన్న జీను చేసే ప్రొటీను రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. కొన్ని రోగాలకు ఇది మూలమేమోనని శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు.

ప్రాక్టికల్స్‌లో రెండుసార్లు ఫలితం రాకపోతే రికార్డు మూసేసే మనం, 1911 నుండి 1966 దాకా ఎదురుచూసిన ఈ మనిషిని తలుచుకోవాలి.