ఇత్తడి సర్పాన్ని విరగ్గొట్టిన రాజు - హిజ్కియా

మధ్యధరా సముద్రానికి తూర్పున పూర్వం యూదా అనే చిన్న రాజ్యం ఉండేది. దాని రాజధాని యెరూషలేం. క్రీ.పూ. 8వ శతాబ్దం చివరలో హిజ్కియా ఆ రాజ్యానికి రాజయ్యాడు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు అని, 29 ఏళ్లు పాలించాడని బైబిలు చెబుతుంది. హిజ్కియా కథ తెలుసుకోవాలంటే ముందుగా ఆ కాలపు పూజావస్తువుల గురించి కొంత తెలుసుకోవాలి.

ఆలయంలోని వస్తువులు

యెరూషలేంలో సొలొమోను రాజు కట్టించిన ఆలయం ఉండేది. దేవునికి విగ్రహం చేయకూడదని ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రం శాసించింది. అందువల్ల ఆలయంలోని లోపలి గదిలో విగ్రహానికి బదులు మందసం అనే పెట్టెను ఉంచారు. అది తుమ్మకర్రతో చేసి, బంగారు రేకు తొడిగిన పెట్టె. దేవుని ఆజ్ఞలు చెక్కిన రెండు రాతిపలకలను అందులో భద్రపరిచారు. వెలుపలి గదిలో దీపస్తంభాలు, రొట్టెలు ఉంచే బల్ల, ధూపవేదిక ఉండేవి. బలిపీఠం ఆవరణలో ఉండేది. ఇవన్నీ పూజకు ఉపయోగపడే వస్తువులే కాని, పూజలందుకునేవి కావు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

హిజ్కియా చేసిన మార్పులు

హిజ్కియా తండ్రి ఆహాజు ఆలయం తలుపులు మూయించాడు. హిజ్కియా రాజైన మొదటి సంవత్సరంలోనే వాటిని తెరిపించి, బాగుచేయించాడు. ఆలయాన్ని శుభ్రం చేయించాడు.

అంతకంటె కష్టమైన పని మరొకటి ఉంది. పూర్వం ఎడారిలో ప్రజలు పాముకాటుతో చనిపోతుండగా, మోషే ఇత్తడి సర్పాన్ని చేయించి స్తంభంపై నిలిపాడని, దానివైపు చూసినవారు బతికారని బైబిలు కథ. కాలక్రమంలో ప్రజలు ఆ సర్పానికే ధూపం వేయసాగారు. మోషే అంతటివాడు చేసిన వస్తువును ముట్టుకోవడానికి ఎవరికైనా భయమే. అయినా హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు.

యుద్ధం - పరీక్ష

క్రీ.పూ. 701లో అస్సీరియా చక్రవర్తి సన్హెరీబు యూదాపై దండెత్తి, అనేక పట్టణాలు పట్టుకున్నాడు. హిజ్కియా కప్పం కట్టవలసి వచ్చింది. ఖజానా చాలలేదు. తాను ఆలయం తలుపులకు తొడిగించిన బంగారు రేకునే ఊడదీయించి ఇచ్చాడు. శత్రువు ముందు తలవంచడం ఆయనకు అవమానమే. కాని యెరూషలేం శత్రువు వశం కాలేదు.

ముట్టడిలో నగరానికి నీరు అందాలని హిజ్కియా ఊటనీటిని లోపలికి మళ్లించాడు. కొండరాతిలో తొలిచిన 533 మీటర్ల సొరంగం నేటికీ ఉంది. అది ఆయన కాలం నాటిదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పనివారు రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్న సంగతి అక్కడి శాసనంలో ఉంది. ఈ శాసనం 1880లో బయటపడింది. హిజ్కియా పేరుగల మట్టి ముద్ర ఒకటి యెరూషలేం తవ్వకాల్లో 2009లో దొరికింది.

హిజ్కియా తర్వాత ఆయన కొడుకు మనష్షే, తండ్రి తొలగించిన పూజాస్థలాలను మళ్లీ కట్టించాడు. రాజు ఆజ్ఞతో వస్తువును విరగ్గొట్టవచ్చు. ప్రజల అలవాటును మార్చడం అంత తేలిక కాదు.

ఆలోచించి రాయండి

1. మందసానికీ, ఇత్తడి సర్పానికీ ప్రజలు చూపిన భక్తిలో తేడా ఏమిటి?
2. సర్పాన్ని విరగ్గొట్టడం, తలుపుల బంగారం ఇచ్చివేయడం - ఈ రెండింటిలో హిజ్కియాకు ఏది కష్టమై ఉంటుంది? ఎందుకు?